సైకిల్ తొక్కితే మనసు తేలికపడుతోంది, నా ఒక్కదానికేనా?

కార్‌షెడ్_లక్ష్మి | ఫిబ్రవరి 3, సాయంత్రం 6:10

అందరికీ నమస్కారం. నాకు ముప్ఫై రెండేళ్ళు. విశాఖపట్నంలో ఋషికొండ ఐటీ కొండ మీద ఒక కంపెనీలో కస్టమర్ సపోర్ట్ చేస్తాను. మూడేళ్ళుగా నైట్ షిఫ్టే. పోయిన ఏడాది నాన్న పోయారు. ఆ తర్వాత మనసు మొద్దుబారిపోయింది. ఏడుపు రాదు, నవ్వూ రాదు. తిన్నానో లేదో కూడా అమ్మ అడిగితేనే గుర్తొచ్చేది.

ఆఫీసు క్యాబ్ మా సందులోకి రాదు, మధురవాడ కార్‌షెడ్ జంక్షన్ దగ్గర దించేస్తుంది. అక్కడి నుంచి ఇంటికి రెండు కిలోమీటర్లు. రోజూ స్కూటీ ఒక మెడికల్ షాపు ముందు పెట్టి వెళ్ళేదాన్ని. జనవరిలో స్కూటీ రిపేరుకు ఇచ్చాను, వారం పట్టింది. మెట్ల కింద తమ్ముడి సైకిల్ ఉంటే గాలి కొట్టించి అదే తీసుకెళ్ళాను.

మూడో రోజు పొద్దున ఆరింటికి క్యాబ్ దిగాను. ఇంటివైపు తిప్పాల్సిన హ్యాండిల్‌ని ఎందుకో సముద్రం వైపు తిప్పాను. ఎక్కుడు దగ్గర దిగి నడిపించుకుంటూ వెళ్ళాను. అవతల ఏటవాలు మొదలవగానే పెడల్ తొక్కే పనే లేదు. చెవుల్లో గాలి, ఎదురుగా ఎర్రగా సముద్రం. కింద ఒక బండి దగ్గర ఇడ్లీలు దింపుతున్నారు. ఆ ఆవిరి వాసనకి నాకు ఆకలేసింది. నిజం చెప్తున్నాను, నాకు ఆకలేస్తోంది అని తెలిసి అక్కడే నిలబడి ఏడ్చాను. నాలుగు ఇడ్లీలు తిన్నాను.

స్కూటీ వచ్చేసినా ఇప్పటికీ సైకిలే. వారానికి నాలుగు రోజులు అలా తిరిగి ఇంటికి వెళ్తున్నాను. మనసుకి చాలా బాగుంది. కానీ ఒక ఇబ్బంది ఉంది. ఇంతకుముందు ఏడున్నరకే నిద్ర పట్టేది, ఇప్పుడు పదకొండు దాకా కన్ను మూతపడటం లేదు. ఈ హాయి నిజమైనదేనా, నాలుగు రోజుల ముచ్చటా? నిద్ర కోసం సైకిల్ మానేయాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

తీరం_వెంట | ఫిబ్రవరి 3, రాత్రి 7:02

మానేయకండి లక్ష్మి గారూ. నిద్ర సంగతి తెలిసినవాళ్ళు చెబుతారు. ఆకలి తిరిగి వచ్చిందన్నారు చూడండి, అది చిన్న విషయం కాదు.

ఉక్కునగరం_పెద్దాయన | ఫిబ్రవరి 3, రాత్రి 9:25

అమ్మా లక్ష్మీ, నేను స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యాను. 1989లో చేరాను. అప్పట్లో మాలో చాలామందికి సైకిలే. ఏ షిఫ్ట్, బి షిఫ్ట్, సి షిఫ్ట్, ఏదైనా సరే టిఫిన్ క్యారియర్ హ్యాండిల్‌కి తగిలించుకుని ఉక్కునగరం టౌన్‌షిప్ నుంచి గేటు దాకా బారులు కట్టి పోయేవాళ్ళం. సి షిఫ్ట్ దిగి పొద్దున వస్తుంటే రోడ్డుకి రెండువైపులా చెట్లు, పిట్టల గోల.

నేను చెప్పాలనుకున్నది వేరే. లోపల వేడి, చప్పుడు, ఫోర్‌మన్‌తో మాటామాటా, ఏదో ఒకటి రోజూ ఉండేది. గేటు దాటేటప్పుడు కోపం పీకల దాకా ఉండేది. అరగంట తొక్కి ఇంటి ముందు స్టాండ్ వేసేసరికి అందులో ముప్పావు వంతు దారిలోనే పోయేది. అలా పోతోందని నాకే తెలియదు. 1998లో స్కూటర్ కొన్నాను. ఏడు నిమిషాల్లో ఇల్లు. మూడు నెలలయ్యాక మా ఆవిడ ఒక రోజు అంది, "మీరు స్కూటర్ కొన్న దగ్గర్నుంచి పిల్లల మీద ఎక్కువ అరుస్తున్నారు" అని. నేను ఒప్పుకోలేదు. ఆవిడే మా చిన్నాడిని పిలిచి అడిగింది. వాడు తల వంచుకుని "అవును నాన్నా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుండెలో ఉంది.

మళ్ళీ సైకిల్ తీశాను. స్కూటర్ వానాకాలానికీ, ఊరెళ్ళడానికీ ఉంచాను. రిటైరయ్యాక కూడా రోజూ పొద్దున టౌన్‌షిప్ చుట్టూ ఒక రౌండ్ వేస్తాను. నీది ముచ్చట కాదమ్మా. నా మాట నమ్ము.

గాజువాక_సత్యం | ఫిబ్రవరి 4, ఉదయం 10:40

పెద్దాయన గారికి నమస్కారం. అయితే ఒక మాట అడగాలి. టౌన్‌షిప్‌లో చెట్ల మధ్య తొక్కితే హాయిగానే ఉంటుంది, బీచ్ రోడ్డులో తొక్కినా ఉంటుంది. నేను షీలానగర్ నుంచి గాజువాక వైపు హైవే మీద తొక్కాను. పక్కనే పోర్టు లారీలు, కంటెయినర్లు. మూతికి గుడ్డ కట్టుకున్నా ముక్కు తుడుచుకుంటే నల్లగా మసి. రెండో వారం ఒక బస్సు నా మోచేతికి రాసుకుంటూ పోయింది. రోడ్డు పక్క ఇసుకలో పడ్డాను. మోకాలు చీరుకుపోయింది, ఆ దెబ్బ మానింది కానీ ఆ రోజు నుంచి హారన్ వినపడితే గుండె దడే. నా అనుభవంలో సైకిల్ టెన్షన్ పెంచింది. మనసు బాగుపడుతుందని చెప్పేవాళ్ళు ఎక్కడ తొక్కుతున్నారో కూడా చెప్పాలి.

నరాలు_కండరాలు | ఫిబ్రవరి 4, రాత్రి 10:15

నేను ఫిజియాలజీ పాఠాలు చెబుతాను. ఈ విషయం మీద నాకు చాలా ఇష్టం, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

ముందు లక్ష్మి గారి హాయి గురించి. వ్యాయామం చేస్తే ఎండార్ఫిన్లు అనే రసాయనాలు ఒంట్లో వస్తాయనీ, వాటి వల్లే సంతోషమనీ అందరూ అంటారు. అవి వచ్చే మాట నిజమే. కానీ రక్తంలో తిరిగే ఎండార్ఫిన్ మెదడులోకి అంత తేలిగ్గా దాటలేదు. తేలిగ్గా దాటేది ఇంకొకటి ఉంది. 1992లో జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో రాఫెల్ మెషూలం బృందం మెదడులో ఒక పదార్థాన్ని కనిపెట్టింది. దానికి పేరు పెట్టడానికి వాళ్ళు సంస్కృతం దాకా వచ్చారు. ఆనందం అనే మాట తీసుకుని 'ఆనందమైడ్' అన్నారు. 2003లో కాలేజీ కుర్రాళ్ళలో కొందరిని ట్రెడ్‌మిల్ మీద, కొందరిని కదలని సైకిల్ మీద యాభై నిమిషాలు ఓ మోస్తరు వేగంతో వ్యాయామం చేయించి రక్తం చూస్తే ఈ ఆనందమైడ్ పెరిగి ఉంది. క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడల్లా పిల్లల మొహాలు వెలుగుతాయి. మన మాట అక్కడ ఉంది కదా మరి.

ఇది ఒక్కటే కారణం అనను. పెడల్‌కి ఒక లయ ఉంటుంది, ఊపిరి దాన్ని అందుకుంటుంది. కళ్ళు దూరంగా చూస్తాయి. ఫోన్ చేతిలో ఉండదు. గుంట వస్తోందా, కుక్క అడ్డం వస్తోందా అని చూసుకోవాలి కాబట్టి పాత బాధని పదేపదే తిప్పుకోవడానికి మెదడుకి ఖాళీ దొరకదు.

కుంగుబాటు మీద కూడా పరిశోధనలు ఉన్నాయి. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీకి చెందిన జేమ్స్ బ్లూమెంథాల్ బృందం 1999లో ఒకటి ప్రచురించింది. డిప్రెషన్ ఉన్న, 50 ఏళ్ళు దాటిన 156 మందిని మూడు గుంపులు చేశారు. ఒకరికి వ్యాయామం, ఒకరికి సెర్ట్రలీన్ అనే మందు, ఒకరికి రెండూ. 16 వారాలయ్యాక మూడు గుంపులూ దాదాపు సమానంగా కోలుకున్నాయి. మందు ముందుగా పనిచేయడం మొదలుపెట్టింది, వ్యాయామం నెమ్మదిగా అందుకుంది. దీన్ని చదివి ఎవరూ మందులు ఆపేయకండి. అది డాక్టర్ చూసుకోవాల్సిన పని.

ఇక నిద్ర. లక్ష్మి గారూ, ఇక్కడ తప్పు సైకిల్‌ది కాదు, సూర్యుడిది. పొద్దుటి వెలుగు కంట్లో పడగానే మెదడు తెల్లారిందని లెక్క వేసుకుని, నిద్రకి తోడ్పడే మెలటోనిన్‌ని ఆపేస్తుంది. రాత్రి పడుకుని పొద్దున లేచేవాళ్ళకి ఈ వెలుగు వరం. మీరు పడుకోవాల్సిన వేళకి సముద్రం మీద నుంచి లేచే సూర్యుడిని సూటిగా చూస్తున్నారు. ఇంకెక్కడి నిద్ర? పొద్దున నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నేరుగా ఇంటికెళ్ళండి. గదికి మందంగా కర్టెన్ వేసి పడుకోండి. సాయంత్రం నిద్ర లేచాక తొక్కండి. మీకు అదే పొద్దున.

గాజువాక_సత్యం | ఫిబ్రవరి 5, ఉదయం 9:05

బాగా చెప్పారు సర్. కానీ సంతోషంగా ఉన్నవాళ్ళే సైకిల్ తీస్తారేమో కదా? కుంగిపోయి ఉన్నవాడు మంచం దిగడమే కష్టం. మరి సైకిల్ వల్ల మనసు బాగుపడిందని ఎలా తేల్చారు?

నరాలు_కండరాలు | ఫిబ్రవరి 5, రాత్రి 9:30

అడగాల్సిన ప్రశ్నే అడిగారు సత్యం గారూ. 2024లో ఎడిన్‌బరో యూనివర్సిటీవాళ్ళ పరిశోధన ఒకటి వచ్చింది. స్కాట్లండ్‌లో ఎడిన్‌బరో, గ్లాస్గో నగరాల్లో పనికి వెళ్ళే మూడు లక్షల డెబ్బై ఎనిమిది వేల మందికి పైగా లెక్కలు తీశారు. సైకిల్ మీద వెళ్ళేవాళ్ళకి తర్వాతి ఐదేళ్ళలో డిప్రెషన్, ఆందోళన మందులు రాయడం 15 శాతం తక్కువగా ఉంది. ఆడవాళ్ళలో ఆ తేడా ఇంకా ఎక్కువ. మీ అనుమానం వాళ్ళకీ వచ్చింది. అందుకే ఇంటికి సైకిల్ దారి ఎంత దగ్గర అన్నది కూడా లెక్కలోకి తెచ్చారు. సైకిల్ దారి పక్కన ఇల్లు ఉండటానికీ మనిషి స్వతహాగా హుషారైనవాడు కావడానికీ పెద్దగా సంబంధం ఉండదు కదా. కాబట్టి దారి దగ్గర ఉండి సైకిల్ తీసినవాళ్ళలో కూడా తేడా కనిపిస్తే, అది సైకిల్ వల్లే అనుకోవడానికి బలం వస్తుంది.

కానీ గమనించండి, అక్కడ సైకిల్‌కి వేరే దారి ఉంది. లారీ పక్కన తొక్కమని ఆ పరిశోధన ఎవరికీ చెప్పలేదు. మీరు పడిన భయం నిజమైనది. హారన్ విన్నప్పుడు దడ రావడం పిరికితనం కాదు, ఒళ్ళు ఆ దెబ్బని గుర్తుపెట్టుకుంది.

ఉక్కునగరం_పెద్దాయన | ఫిబ్రవరి 5, రాత్రి 10:00

సత్యం బాబూ, హైవే వద్దు. సైకిల్‌ని ఆటోలో వేసుకుని ఒక ఆదివారం మా టౌన్‌షిప్‌కి రా. నేను ముందు తొక్కుతాను, నువ్వు వెనక రా. పొద్దున ఆరింటికి ఇక్కడ హారన్ వినపడదు.

ఏయూ_గ్రౌండ్_రాణి | ఫిబ్రవరి 6, మధ్యాహ్నం 2:20

ఆడవాళ్ళు పెద్దయ్యాక సైకిల్ నేర్చుకోవడం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నాకు నలభై మూడు. సైకిల్ నేర్చుకున్నది నలభై ఒకటో ఏట. చిన్నప్పుడు అన్నయ్యకి కొన్నారు, నాకు కొనలేదు. "ఆడపిల్లకి ఎందుకు, పడితే ఏ చెయ్యో కాలో విరిగితే" అన్నారు. కొననందుకు కోపం లేదు కానీ, అన్నయ్య వెనక క్యారియర్ మీద కూర్చున్న ప్రతిసారీ ఆ హ్యాండిల్ నా చేతిలో ఉంటే అనిపించేది.

మా పాప ఆంధ్రా యూనివర్సిటీలో చేరాక, తను క్యాంపస్‌లో తొక్కుతుంటే చూసి అడిగాను. ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు మీద తనే సీటు పట్టుకుని పరిగెత్తింది. మొదటి రోజు చున్నీ చైన్లో పడి చిరిగింది. రెండో రోజు చున్నీ నడుముకి బిగించి కట్టుకున్నాను. నాలుగో ఆదివారం "అమ్మా, నేను ఎప్పుడో వదిలేశాను" అని వెనక ఎక్కడో దూరం నుంచి కేక వినిపించింది. వెనక్కి చూడకుండా అలాగే తొక్కాను. ఆ యాభై గజాలు నా జీవితంలో మర్చిపోను.

నాకు పీరియడ్స్ ఆగే వయసు దగ్గరపడింది. ఊరికే చిరాకు, ఊరికే ఏడుపు, రాత్రుళ్ళు చెమటలు. సైకిల్ తొక్కిన రోజు చెమటలు తగ్గవు, అబద్ధం ఎందుకు చెప్పాలి. చిరాకు మాత్రం తగ్గుతుంది. సిరిపురం నుంచి బీచ్‌కి దిగే ఏటవాలులో బ్రేకులు పట్టుకుని దిగుతుంటే, ఈ బండిని నేనే నడుపుతున్నాను అనే ధైర్యం ఒకటి వస్తుంది. ఆ ధైర్యం ఇంటికొచ్చాక కూడా ఉంటుంది. మొన్న మా అత్తగారి ఆపరేషన్ విషయంలో డాక్టర్‌ని నేనే నిలబెట్టి అన్నీ అడిగాను. రెండేళ్ళ క్రితమైతే మా ఆయన వెనక నిలబడేదాన్ని.

లక్ష్మీ, నీకు ఏడుపు వచ్చిందని రాశావు చూడు. రానీ తల్లీ. ఎప్పుడో రావాల్సిందది.

నిదానంగా | ఫిబ్రవరి 7, రాత్రి 11:45

నేను ఎప్పుడూ చదివి వెళ్ళిపోతాను, రాయను. ఈ రోజు రాయాలనిపించింది.

నాకు డిప్రెషన్ ఉండేది. ఇప్పుడు మందుల మీద బాగున్నాను. అప్పట్లో ప్రతి ఒక్కరూ "వాకింగ్ చెయ్, సైకిల్ తొక్కు, అదే పోతుంది" అనేవాళ్ళు. నాకు బ్రష్ చేసుకోవడానికే గంట పట్టేది. సైకిల్ వైపు చూస్తే, అది కూడా చేయలేని చచ్చు మనిషిని అనిపించేది. మంచి మాటే, కానీ నాకు ఆ రోజుల్లో రాయిలా తగిలింది. చివరికి అక్క బలవంతంగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. మందు మొదలుపెట్టిన ఐదో వారంలో ఒక సాయంత్రం నా అంతట నేనే సైకిల్ తాళం వెతుక్కున్నాను. సందు చివర దాకా వెళ్ళి వచ్చాను, అంతే. మర్నాడు ఇంకో సందు. ఇప్పుడు పెదవాల్తేరు నుంచి లాసన్స్ బే దాకా రోజూ వెళ్తాను. నాకు మందు తలుపు తీసింది, సైకిల్ బయటికి తీసుకెళ్ళింది.

కాబట్టి దయచేసి లేవలేని మనిషికి ముందు సైకిల్ చెప్పకండి, పక్కన కూర్చోండి. ఎవరికి చెప్పుకోవాలో తెలియకపోతే టెలి మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416. ఫోన్ చేస్తే డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలని అనిపించే రాత్రి పొద్దుటి దాకా ఆగకుండా చేయండి. నేను చేశాను.

నరాలు_కండరాలు | ఫిబ్రవరి 8, ఉదయం 6:50

మీరు రాసింది నా పాఠం కంటే అవసరమైనది. నేను నా విద్యార్థులకి చదివి వినిపించవచ్చా?

నిదానంగా | ఫిబ్రవరి 8, ఉదయం 8:15

వినిపించండి సర్.

తీరం_వెంట | ఫిబ్రవరి 9, సాయంత్రం 5:30

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మధ్యలో మానేయడానికి మనసు కంటే మోకాళ్ళూ, తుప్పూ కారణం అని నా అనుభవం. ఆ రెండూ చెబుతాను. సీటు మరీ కిందికి ఉంటే మోకాలు నొప్పి పుడుతుంది. పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి, అంత ఎత్తు చాలు. గేర్ల సైకిలైతే బరువు గేర్‌లో తొక్కకుండా తేలిక గేర్‌లో కాళ్ళు గబగబా తిరగనివ్వండి. ఇక మన ఊరి ఉప్పుగాలికి వారంలో చైన్ ఎర్రబడుతుంది. బీచ్ నుంచి రాగానే తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టి, చైన్‌కి చుక్క చుక్కగా నూనె వేయండి. కొబ్బరినూనె వద్దు, దుమ్ము అంటుకుని జిడ్డు కడుతుంది.

ఇంకొకటి. ఈ నెల నుంచి వానాకాలం చివర దాకా మనకి ఎక్కువగా నైరుతి గాలి. భీమిలి వైపు వెళ్ళేటప్పుడు వెనక నుంచి ఎవరో తోస్తున్నట్టు ఉంటుంది. ఆహా నాకు ఎంత బలం వచ్చింది అనుకుని ఎర్రమట్టి దిబ్బల దాకా వెళ్ళిపోతారు. తిరిగి రావడానికి ఎదురుగాలి. మంగమారిపేట దాటాక ప్రాణం మీదికొస్తుంది. వెళ్ళాలనుకున్న దూరంలో సగానికే వెనక్కి తిరగండి. మనసు తేలికపడటానికి భీమిలి దాకా అక్కర్లేదు. ఆర్కే బీచ్‌లో పొద్దున బండ్లు ఆపేసే వేళలో అటూ ఇటూ రెండు రౌండ్లు వేసినా చాలు. నడిచే పెద్దవాళ్ళు ఉంటారు, మెల్లగా బెల్ కొట్టుకుంటూ పోవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం చెప్పింది. రోజుకి అరగంట, వారానికి ఐదు రోజులు. పాట పాడలేకపోయినా పక్కవాళ్ళతో మాట్లాడగలిగేంత వేగం అన్నమాట.

కార్‌షెడ్_లక్ష్మి | ఫిబ్రవరి 26, సాయంత్రం 4:50

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. సర్ చెప్పినట్టే చేశాను. పొద్దున నల్ల కళ్ళద్దాలతో నేరుగా ఇల్లు. కిటికీకి అమ్మ పాత దుప్పటి కట్టింది. మొదటి నాలుగు రోజులు లాభం లేదు. ఇప్పుడు ఎనిమిదికి పడుకుంటే రెండింటి దాకా మెలకువ రావడం లేదు.

సాయంత్రం నాలుగున్నరకి బయల్దేరుతున్నాను. ఆ వేళకి ఎండ ఉంటుంది, పొద్దుటి అందం లేదు. కానీ జోడుగుళ్ళపాలెం దగ్గర తెప్పలు ఒడ్డుకి లాగి వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. ఒక ముసలాయన కాలి బొటనవేలికి వల తగిలించుకుని, చిరిగిన కన్ను వెతికి ముడి వేస్తాడు, మళ్ళీ ఇంకో కన్ను. రోజూ ఆయన దగ్గర ఐదు నిమిషాలు ఆగుతాను. మొన్న ఆయన తల ఎత్తకుండానే "నిన్న రాలేదేటమ్మా?" అన్నాడు. నాన్న పోయాక నేను ఇంటికి రాకపోతే అమ్మ తప్ప అడిగేవాళ్ళు లేరు అనుకునేదాన్ని.

అన్ని రోజులూ బాగుంటాయని అనను. నాన్న తిథి రోజు తొక్కినా ఏమీ తేలికపడలేదు, తిరిగి వచ్చి పడుకున్నాను. నిదానంగా గారూ, మీరు రాసింది చదివాక ఆ రోజు నన్ను నేను తిట్టుకోలేదు. 14416 నంబరు ఫోన్‌లో సేవ్ చేసుకున్నాను, మా టీమ్‌లో ఇద్దరికి ఇచ్చాను.

గాజువాక_సత్యం | ఫిబ్రవరి 26, రాత్రి 8:30

నేను కూడా ఒకటి చెప్పాలి. మొన్న ఆదివారం పెద్దాయన గారి దగ్గరికి వెళ్ళాను. సైకిల్ ఆటోలోనే తీసుకెళ్ళాను. మొదటి పది నిమిషాలు భుజాలు బిగబట్టుకునే తొక్కాను. ఆయన వెనక్కి తిరగకుండా తన మనవడి చదువు గురించి మాట్లాడుతూనే ఉన్నారు. ఎప్పుడు వదులయ్యానో తెలియదు. తర్వాత వాళ్ళింట్లో ఉప్మా పెట్టారు.

హైవే మీద ఇప్పటికీ తొక్కను. ఆ మాట మీద ఉన్నాను. గాజువాక మనిషికి కూడా లారీ భయం లేకుండా తొక్కే దారి కావాలి, అది అడుగుతూనే ఉంటాను. వారానికి ఒక్క ఆదివారం మాత్రం ఉక్కునగరం.

ఉక్కునగరం_పెద్దాయన | ఫిబ్రవరి 26, రాత్రి 9:10

వచ్చే ఆదివారం మనమే బీచ్‌కి వెళ్దాం సత్యం బాబూ. లక్ష్మీ, రాణమ్మా, వీలైతే మీరూ రండి. ఐదున్నరకి ఆర్కే బీచ్ కాళీమాత గుడి దగ్గర ఉంటాను. ఎండ ఎక్కకముందే ఇంటికి చేరాలి.

ఏయూ_గ్రౌండ్_రాణి | ఫిబ్రవరి 26, రాత్రి 9:40

నేనూ పాపా వస్తాం. నాకు ఎక్కుడు ఇంకా కష్టమే, తెన్నేటి పార్కు వైపు వద్దు.

కార్‌షెడ్_లక్ష్మి | ఫిబ్రవరి 26, రాత్రి 9:52

శనివారం రాత్రి నాకు ఆఫ్. తమ్ముడితో వస్తాను. వెనక టైరులో గాలి నిలవడం లేదు, ఎవరైనా పంపు తెస్తారా?

నిదానంగా | ఫిబ్రవరి 26, రాత్రి 10:05

పంపు నేను తెస్తాను.